కారులోని రేడియోకు క్రొత్త గొంతు

రేడియో అనగా హాలులో బల్లమీద అల్లికగుడ్డ కప్పుకొని కూర్చుండు పెట్టె అని తలచిన కాలము గడచిపోయినది. ఏటేటా పోస్టాఫీసునకు వెళ్ళి లైసెన్సు రుసుము చెల్లించి ఆ పెట్టెను కాపాడుకొనిన తరమువారు నేటికిని మన శ్రోతలలో నున్నారు. వారి యిండ్లలోనే నేడు వెదకి చూచినచో, రేడియో అని పేరుపెట్టి పిలువదగిన యంత్రము పెక్కుచోట్ల వాకిట నిలిపిన కారులో మాత్రమే మిగిలియున్నది. తాడేపల్లిగూడెమునుండి కోర్టుపనిమీదనో, ఆసుపత్రి పనిమీదనో ఏలూరు పోవువారును, తెల్లవారుజామున ఉల్లిపాయల మార్కెట్టునకు వచ్చువారును, ఆకివీడు, కైకలూరు ప్రాంతముల చెరువులు చూచుకొని చీకటిపడిన పిదప ఇల్లు చేరు చేపల రైతులును, ఆదివారమునాడు పిల్లలను వెంటబెట్టుకొని ఆటపాకలో గూడబాతులను చూడబోవు కుటుంబములును వార్తలు, పాటలు, వ్యవసాయ ప్రసంగములు వినునది ఆ కారులోనే. కావున కారులో మాట ఎట్లు వినవచ్చుచున్నదను ప్రశ్న విలాసపురుషుల ప్రశ్న కాదు. అది మా వృత్తికిని, మీ యింటికిని సంబంధించినది.

"కారుతో వచ్చిన సెట్టు బాగుగా లేదండీ, ఏమి మార్పించమందురు?" అని మమ్ము అడుగువారు తరచుగా తటస్థపడుచుందురు. ఈ ప్రశ్నతో దుకాణమునకు పోయినచో సమాధానము తడవు లేకుండ వచ్చును. పలకవంటి పెద్ద గాజుతెర గల సెట్టు నొకదానిని ముందు పెట్టుదురు. డిక్కీ నిండునంతటి డబ్బా నొకదానిని ప్రక్కన పెట్టుదురు. ఈ రెండును కంటికి కనబడునవి, కనుక అమ్ముడుపోవునవి. మేము చెప్పదలచినది దీనికి సరిగా తలక్రిందులు. కారులో ధ్వని తెరవద్ద చెడుట లేదు. మొదట తలుపులో చెడును; తరువాత స్పీకరులో చెడును; ఆ పిమ్మట తీగలలోను, ఏరియలువద్దను చెడును. వ్యయము చేయువారు ఆ వరుసలోనే చేయవలెను.

కారులో రేడియో క్రొత్త వింత కాదు. అమెరికాలో గాల్విన్ కంపెనీ 1930లో మోటరోలా అను పేర కారురేడియోను అమ్మకమునకు తెచ్చినది. ఐరోపాలో జర్మనీ దేశపు బ్లౌపుంక్ట్ సంస్థ 1932లో తెచ్చినది. ఆ సంస్థయే 1952లో ఎఫ్.ఎం. ప్రసారములను పట్టు కారురేడియోను చేసినది. మన దేశమున అంబాసిడరు, ఫియట్ కార్ల దినములలో రేడియోను సాధారణముగా కారు కొనిన పిదప వేరుగా బిగింపించుకొనెడివారు. 1983 డిసెంబరులో మారుతి కారు వచ్చిన తరువాత సైతము చాల యేండ్లు అదియే వాడుక. కనుక బయటి వస్తువును కొని కారులో అమర్చుకొనుట మనవారికి పాత విద్యయే. మారినదేమనగా, నేటి కార్లలో సెట్టు కారు శరీరమున నొక అవయవమైనది. వెనుక కెమెరా, స్టీరింగుమీది మీటలు, కొన్నిటిలో ఏసీ అమరికలు కూడ దానితో ముడిపడియున్నవి. పెరికివేయుట సులభము, పెరికినవెంట ఏమేమి వచ్చునో తెలిసికొనుట కష్టము.

కంపెనీ సెట్టును మేము నిందింపబోము. కారు చేయువారికి బరువు, ధర, పెట్రోలు లెక్క ముఖ్యములు. సామాన్యమైన కారు తలుపులో వారు పెట్టు స్పీకరు తేలికపాటి కాగితపు శంకువు, చిన్న అయస్కాంతము, పలుచని ప్లాస్టిక్ చట్రము గలదై యుండును. కొన్ని కార్లు ఇందుకు మినహాయింపు: 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌.యు.వి. 700 పై తరగతులలో సోనీ సంస్థవారి 12 స్పీకర్ల యేర్పాటు ఉండెను. అట్టి కారు కొనినవారు ఈ వ్యాసమును చదివి ఆనందింపవచ్చును గాని, దుకాణమునకు పోనక్కరలేదు.

ఇక సెట్టు పెట్టెమీద అచ్చువేయు వాట్ల సంగతి. ఇది తెలిసిన గృహస్థు చాల ధనము మిగుల్చుకొనగలడు. కారు బ్యాటరీ 12 వోల్టులది. ఇంజను తిరుగుచున్నపుడు ఆల్టర్నేటరు దానిని సుమారు 14.4 వోల్టుల వరకు తెచ్చును. కారుస్పీకరు నిరోధము సాధారణముగా 4 ఓములు. సెట్టులోని చిన్న ఆంప్లిఫయరు చిప్పు స్పీకరు రెండు కొనలను ఎదురెదురుగా నడపి ఆ వోల్టేజిని చివరిదాక వాడుకొనినదని అనుకొందము. అపుడు 14.4ను 14.4 చేత గుణించి, 8 చేత భాగించవలెను. వచ్చునది 26 వాట్లకు లోపు. చిప్పులో జరుగు నష్టము పోగా స్పష్టమైన మాటకు, పాటకు దక్కునది 18 లేక 20 వాట్లు. మరి పెట్టెమీద "50 వాట్లు, నాలుగు స్పీకర్లకు" అని యున్నదే, ఆ 50 ఎక్కడనుండి వచ్చినది? ధ్వనితరంగము శిరస్సు తెగి, చదునై, చతురస్రాకారము దాల్చినపుడు 8కి బదులు 4 చేత భాగించవలెను. అపుడు 51 పైచిలుకు వచ్చును. ఆ అంకె పుట్టుక అదియే. అనగా సంగీతము పూర్తిగా విరిగిపోయిన క్షణమున కొలిచిన లెక్కను సంగీతమునకు గుణముగా అమ్ముచున్నారు. ఎంత ఖరీదైన తెర కొనినను, దాని లోపలి చిప్పు అదే 14.4 వోల్టుల మీద బ్రతుకవలసినదే కనుక, కంపెనీ సెట్టునకును దీనికిని బలములో భేదము స్వల్పము.

చెవి సంగతియు దీనితోపాటు చెప్పవలెను. వాట్లు రెట్టింపైనచో ధ్వని పెరుగునది 3 డెసిబెల్లులు మాత్రమే. విన్నవానికి "కొంచెము హెచ్చినది" అనిపించును. రెండింతలు బిగ్గరగా అనిపించవలెనన్న వాట్లు పదింతలు కావలెను. కావున వాట్ల వెంట పరుగెత్తుట కంటె, ఉన్న వాట్లను వృథా చేయకుండుట మేలు. ఆ వృథా జరుగు మొదటి చోటు తలుపు.

స్పీకరు శంకువు ముందునకు కదలినపుడు ఎదుటి గాలిని నెట్టును. అదే క్షణమున వెనుకనున్న గాలిని లాగును. ఈ రెండు తరంగములు ఒకదానితో నొకటి కలిసినచో రెండును నశించును, ముఖ్యముగా మంద్రస్వరములు. అందుచేతనే ఇంటిలోని స్పీకరును పెట్టెలో మూయుదురు. కారులో ఆ పెట్టె తలుపు. కాని ఆ తలుపు లోపలి రేకునకు చేయి దూరునంత రంధ్రములు నాలుగైదు ఉండును. అద్దమును, తాళమును అమర్చుట కవి కావలెను. వానిమీద కంపెనీవారు పలుచని ప్లాస్టిక్ కాగితము నంటింతురు. అది నీటి నాపును, గాలి నాపదు. ఎంత మంచి స్పీకరు తెచ్చి ఈ తలుపులో బిగించినను చిల్లుకుండతో నీరు తోడినట్లే. ఇదిగాక బయటి రేకు పలుచనిది. వ్రేలితో కొట్టిన డబ్బావలె మ్రోగును. మృదంగము మ్రోగినపుడు అదియు తన తాళము తాను వేయును.

దీనికి మందు డ్యాంపింగు షీటు. ఒక ప్రక్క అల్యూమినియము రేకు, మరియొక ప్రక్క బ్యుటైల్ రబ్బరు జిగురు గల పలక యిది. డోరు ప్యాడు విప్పి, రేకును శుభ్రముగా తుడిచి, బయటి రేకు లోపలివైపున నాలుగవ వంతు మేర అతికించినను దాని మ్రోత చాలవరకు అణగును; మొత్తము కప్పవలెనని పట్టుపట్టువాడు షీట్లు అమ్ముకొనువాడు. లోపలి రేకు రంధ్రములను మాత్రము పూర్తిగా మూయవలెను. చిన్న రోలరుతో అదిమి అదిమి అంటించుట ముఖ్యము. తారుతో చేసిన చౌక షీట్లు కొన్ని బజారులో దొరకును. రోళ్ళు పగులు రోహిణికార్తెలో, ఎండలో నిలిపిన కారు తలుపులో అవి మెత్తబడి జారును; వాసన వేయును. ఇక్కడ ఆదా చేయరాదు. తలుపు అడుగంచున చిన్న చిన్న రంధ్రములుండును. అవి వాననీరు బయటికి పోవు త్రోవలు. ఉత్సాహముతో వానిని గూడ మూసివేసినచో మొదటి శ్రావణమాసమునకే తలుపు తొట్టియగును. రెండవ యేటికి త్రుప్పు పైకి కనబడును.

వాననీరు తలుపులోనికి పోవుట యేమని కొందరు ఆశ్చర్యపడుదురు. అద్దము దిగు సందున ప్రతి వానకును నీరు దిగుచునే యుండును. కాబట్టి స్పీకరు వీపు తడియును. కొల్లేటి ప్రాంతమున ఇది మరింత గణింపదగిన విషయము. నీటిగాలి సంవత్సరము పొడవునను ఉండును. కావున స్పీకరు కొనునపుడు శంకువు తేమకు నిలుచు పదార్థముతో చేసినదా, అంచు రబ్బరుదా అని చూడవలెను. నురుగువంటి మెత్తని అంచు గలవి మొదట మధురముగనే పలుకును. కొన్ని యేండ్లలో ఆ అంచు పొడియై రాలును. స్పీకరును తలుపునకు బిగించుట కొక కంకణము కావలెను. అది ప్లాస్టిక్‌దో, నీటికి ఓర్చు ప్లైవుడ్‌దో కావలెను గాని, చెక్కపొట్టు నదిమి చేసిన పలకతో చేయరాదు. అది తేమకు అప్పడమువలె ఉబ్బును. తీగల అతుకులను చేతితో మెలిపెట్టి టేపు చుట్టి విడుచుట మన మెకానిక్కుల కలవాటు. ఆరు మాసములకు ఆ రాగికి చిలుము పట్టును. ధ్వని ఒకనాడు వచ్చును, ఒకనాడు రాదు. క్రింపు చేయించుటయో, టంకము పెట్టించుటయో అవశ్యము.

స్పీకరు ఎంపికలో రెండు జాతులున్నవి. ఒకే చట్రములో నడుమ చిన్న ట్వీటరు నిలిపినది ఒకటి. దానిని కోయాక్సియల్ అందురు. మంద్ర, మధ్యమ స్వరముల స్పీకరును తలుపులోను, ట్వీటరును పైన అద్దము మూలలోను విడివిడిగా పెట్టునది రెండవది. దీనిని కాంపొనెంట్ అందురు. ఈ రెండవదానిలో క్రాస్ఓవరు అను చిన్న వలయము 3000 హెర్ట్జుల పరిసరమున స్వరములను విభజించి ఎవరి పాలు వారికి పంచును. మా మొగ్గు ముందు తలుపులకు కాంపొనెంటు వైపు. కారణము సంగీతము కాదు, మాట. తలుపు అడుగున, మోకాలిక్రింద నున్న స్పీకరునుండి వచ్చు తారస్వరములు పిక్కలకు తగిలి అచ్చటనే ఆగిపోవును. మాటలో బలము అచ్చులదే గాని, స్పష్టత తారస్వరములది. స, శ, త, ట వంటి హల్లుల జీవమంతయు అక్కడనే యున్నది. ఇకారమును అకారమునుండి వేరు చేయు ధ్వనిభాగము సైతము 2000 హెర్ట్జులకు పైన నుండును. అది సన్నగిలినచో "ఇరవై" అన్నది "అరవై"గా వినబడును. చేపల ధర విషయమున ఈ పొరపాటు నష్టము తెచ్చును; తుపాను తీరమున కెన్ని కిలోమీటర్లలో నున్నదని చెప్పునపుడు ఇంకేమి తెచ్చునో చెప్పనక్కరలేదు. వార్తలు చదువువారిని ఎంత స్పష్టముగా పలుకుమని మేము తరిఫీదు చేసినను, ఆ స్పష్టత ఒక మూడంగుళముల దూరములో తలుపు ప్యాడులో ఇంకిపోవుచున్నది.

స్పీకరు డబ్బామీద వాట్ల అంకె కంటె చిన్న అక్షరములలో మరియొక అంకె ఉండును: ఒక వాటు ఇచ్చినపుడు ఒక మీటరు దూరమున ఎన్ని డెసిబెల్లులు పలుకునో చెప్పునది. 88 అని యున్న స్పీకరునకు బదులు 91 అని యున్నదానిని కొనినచో, ఆ మూడింటి భేదము ఆంప్లిఫయరు బలమును రెట్టింపు చేసినదానితో సమానము. బయటి ఆంప్లిఫయరు పెట్టదలచనివారు ఈ అంకెను చూచి కొనవలెను. వెనుక తలుపుల స్పీకర్లకు ధనము పోయనక్కరలేదు. ముందు కూర్చుండువారు వానిని వినరు; వెనుక పిల్లలు నిద్రపోవుదురు.

ఇంతవరకు చేసినచో పెక్కు కుటుంబములకు చాలును. అంతటితో తృప్తి చెందనివారు బయటి ఆంప్లిఫయరు పెట్టింతురు. ఇది 12 వోల్టులను లోపల పెంచుకొని పనిచేయును గనుక పైన చెప్పిన 26 వాట్ల కట్టడి దీనికి లేదు. ఇచ్చట ధ్వని కంటె భద్రత ముందు చూడవలెను. నాలుగు స్పీకర్లకు 50 వాట్ల చొప్పున 200 వాట్లు నిజముగా ఇచ్చు ఆంప్లిఫయరు, నష్టములతో కలిపి 250 వాట్లు తీసికొనినదన్న, బ్యాటరీనుండి 18 ఆంపియర్లు లాగును. ఇంటిలో 18 ఆంపియర్ల కరెంటు ఎంత లావు తీగ కోరునో ఎలక్ట్రీషియను నడిగిన చెప్పును. బ్యాటరీనుండి వచ్చు ఆ ఎఱ్ఱ తీగ ఇంజను గదికిని లోపలి గదికిని నడుమనున్న ఇనుపగోడ గుండా రావలెను. ఆ రంధ్రమునకు రబ్బరు బుష్ లేనిచో, రేకు అంచు తీగ తొడుగును రోజు రోజునకు కోయుచుండును. ఒకనాడు రాగి ఇనుమునకు తగులును. ఫ్యూజు లేనిచో అపుడు బ్యాటరీ తన సర్వస్వమును, వందల ఆంపియర్లను, ఆ తీగలో కుమ్మరించును. ఆ తరువాత జరుగునది అగ్నిప్రమాదము. కావున ఫ్యూజును ఆంప్లిఫయరు వద్ద కాక బ్యాటరీ వద్దనే, 45 సెంటీమీటర్లకు మించని దూరమున పెట్టవలెను. ఫ్యూజు కాపాడునది ఆంప్లిఫయరును కాదు, తీగను. ఈ ముక్క తెలియని పనివానికి కారు అప్పగింపరాదు.

తీగలోను మోసమున్నది. పైన రాగిపూత, లోపల అల్యూమినియము గల తీగను రాగితీగగా అమ్ముదురు. చాకుతో గీసినచో తెల్లగా బయటపడును. అది కరెంటును తక్కువగా మోయును, ఎక్కువగా వేడెక్కును. ఎర్తు తీగను పొట్టిగా ఉంచి, కారు బాడీమీద రంగు గీకి, మెరయు ఇనుమునకే బిగింపవలెను. ధ్వని సంకేతము వచ్చు తీగను కారుకు ఒక ప్రక్కనుండియు, కరెంటు తీగను రెండవ ప్రక్కనుండియు తేవలెను. అట్లు చేయనిచోట ఏక్సిలరేటరు త్రొక్కినకొలది స్పీకర్లలో ఒక కూత లేచును. అది ఆల్టర్నేటరు కూత. ఇంజనుతో పాటు ఎగయును, ఇంజనుతో పాటు దిగును. వినువారు రేడియో కేంద్రమును నిందింతురు.

ఇప్పుడు తెర సంగతి. దీనిని చివర చెప్పుట బుద్ధిపూర్వకముగనే. సెట్టు మార్చునపుడు మాకు కలుగు భయము ఒక్కటి: పాటలు ఫోనునుండి అద్భుతముగా వచ్చును, రేడియో మాత్రము చెవిటిదగును. దుకాణమున పరీక్ష చేసి చూపునది ఫోను పాటయే గనుక, ఈ సంగతి గుండుగొలను దాటిన తరువాత గాని బయటపడదు.

కారణములు మూడు. మొదటిది ఏరియలు. నేటి కార్ల కప్పుమీద చేపరెక్కవలె నుండు పొట్టి ఏరియలు తనంతట తాను చాలదు; దాని అడుగున నొక చిన్న ఆంప్లిఫయరు ఉండును. దానికి సెట్టునుండి 12 వోల్టులు పోవలెను. కొత్త సెట్టునకు అందుకని నీలిరంగు తీగ ఉండును; కొన్ని కార్లలో ఆ కరెంటును ఏరియలు తీగలోనే పంపుటకు వేరే కప్లరు కావలెను. పనివాడు ఆ తీగను గాలికి వదలినచో, విజయవాడ నగరములో రేడియో పలుకును; నూరు కిలోమీటర్లు పైబడిన దూరముననున్న తాడేపల్లిగూడెమునకు వచ్చునప్పటికి బుసలు మిగులును. ఎఫ్.ఎం. తరంగములు ఇంచుమించు చూపు సాగినంత మేరకే సాగునవి. అంచున నున్న మనవంటి ఊళ్ళకు ఏరియలు ప్రాణము.

రెండవది దేశము అమరిక. సెట్టులో 'ప్రాంతము' అను ఒక అమరిక యుండును. అది అమెరికా అని యున్నచో సెట్టు 87.9, 88.1 అని బేసి అంకెలమీదనే అడుగులు వేయును. విజయవాడ రెయిన్‌బో ప్రసారము 102.2 మెగాహెర్ట్జులపై నున్నది. ఆ సెట్టు 102.1 వద్ద ఆగును, లేదా 102.3 వద్ద ఆగును. మాట ప్రతి సకారమునకు చిట్లును. మధ్యమ తరంగములలోను ఇదే తంటా. మన దేశపు అడుగు 9 కిలోహెర్ట్జులు, అమెరికా అడుగు 10. 1948 డిసెంబరు 1న పుట్టిన విజయవాడ కేంద్రము దీర్ఘకాలము పలికిన 837 కిలోహెర్ట్జుల స్థానము ఆ సెట్టుకు కనబడనే కనబడదు. ఇంకొక సూక్ష్మము కలదు. ఎఫ్.ఎం.లో సన్నని బుసను అణచుటకై ప్రసారకేంద్రము తారస్వరములను ఒక కొలత ప్రకారము హెచ్చించి పంపును. సెట్టు అదే కొలతతో తగ్గించును. మన దేశమున ఆ కొలత 50 మైక్రోసెకండ్లు, అమెరికాలో 75. అమరిక తప్పినచో సెట్టు తగ్గింపవలసినదానికంటె అధికముగా తగ్గించి, గొంతును కంబళి కప్పినట్లు చేయును. యజమాని స్పీకర్లు బాగుగా లేవని మరల దుకాణమునకు పోవును. వారు సంతోషముగా ఇంకొక జత అమ్ముదురు. జపానునుండి దిగిన పాతసెట్ల కథ వేరు. అవి చాలవరకు 76 నుండి 90 మెగాహెర్ట్జుల వరకే వినును. ఎంత చౌకగా వచ్చినను వలదు.

మూడవది గోల. సిగరెట్టు లైటరు స్థానమున గ్రుచ్చు చౌక ఫోను ఛార్జరు, ముందు అద్దమునకు అంటించు కెమెరా, కొన్ని చౌకరకపు ఎల్.ఇ.డి. దీపములు, ఇవి కరెంటును క్షణమునకు వేలసార్లు త్రుంచి పనిచేయును. ఆ త్రుంపుడు మధ్యమ తరంగములలో గరగరగా, ఎఫ్.ఎం.లో బలహీనతగా వినబడును. రేడియో పెట్టి, వీనిని ఒక్కొక్కటిగా పెరికి చూచిన దొంగ దొరకును. ఇందుకు ఖర్చు లేదు.

ఈ ప్రాంతమున రేడియో చెవిటిదగుట ఎంత చిన్న విషయమో చూడుడు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనయు, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపానును ఎరిగినవారు ఇంటింట నున్నారు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో పెద్దభాగమును ముంచినది; ఆ నీరు చేరవలసినది కొల్లేటికే యని లంకగ్రామములవారికి ఒకరు చెప్పనక్కరలేదు. అట్టి రాత్రులందు కరెంటు పోవును. టవర్లు మూగవోయినచో ఫోను గాజుముక్క యగును. కారు బ్యాటరీమీద రేడియో పలుకుచునే యుండును, దాని ఏరియలు తీగను ఎవరును గాలికి వదలియుండనిచో.

కంపెనీ సెట్టు కారుతో గాఢముగా ముడిపడియున్నచోట దానిని పెరుకుట మా యుద్దేశమున తగదు. స్పీకరు తీగలనుండియే సంకేతమును గ్రహించు ఆంప్లిఫయర్లు దొరకుచున్నవి. వానితో పాత సెట్టును, కెమెరాను, స్టీరింగు మీటలను, అన్నిటికంటె ముఖ్యముగా ఏరియలును ముట్టకుండనే పని జరిగిపోవును. మార్చియే తీరవలెనన్న, ఆ కారు మోడలుకు సరిపడు కప్లరుతో మార్పింపవలెను గాని, కంపెనీ తీగలను ఒక్కటైనను కత్తిరింపనీయరాదు. తీగ తెగిన కారుకు వారంటీ విషయమున కంపెనీతో వాదించి గెలుచుట కష్టము.

క్రొత్త సెట్లలో నొక సదుపాయము మెచ్చదగినది. మన దేశమున డ్రైవరు కుడివైపున కూర్చుండును. కుడి స్పీకరు అతనికి దగ్గర, ఎడమది దూరము. ధ్వని సెకండులో వెయ్యవవంతు కాలమున సుమారు 35 సెంటీమీటర్లు పోవును. అర మీటరు భేదమున్నచో ఎడమ గొంతు ఒకటిన్నర వెయ్యవవంతు ఆలస్యముగా వచ్చును. ఆ మాత్రమునకే చెవి మోసపోయి గాయకుని కుడితలుపులో కూర్చుండబెట్టును. సెట్టు కుడి స్పీకరును అంత మేర ఆపి పలికించినచో గాయకుడు అద్దమునకు ఎదురుగా వచ్చి నిలుచును. ఎడమ ఆసనమున డ్రైవరు కూర్చుండు దేశముల అమరికతో వచ్చిన సెట్టులో ఇది తిరగబడియుండును, చూచుకొనవలెను.

ఇక డబ్బా. సీటు క్రింద పట్టు 8 అంగుళముల చిన్న సబ్‌ఊఫరు కుటుంబమునకు ధారాళముగా చాలును. మృదంగపు ఎడమచేతి నాదము దానితో తిరిగివచ్చును. డిక్కీ నిండ డబ్బా పెట్టినవారు పెండ్లికి పోవునపుడు పెట్టెలు ఒడిలో పెట్టుకొందురు. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు హద్దు. ఆ డబ్బాతో వీధి మలుపు తిరుగుటకు ముందే ఆ హద్దు దాటును. చెవికిని హద్దున్నది. 85 డెసిబెల్లులు దినమునకు 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్లులకు కాలము సగమగును. 91 వద్ద రెండు గంటలు, అనగా గూడెమునుండి విజయవాడకు ఒక ప్రయాణము. 100 వద్ద పావుగంట. ఉంగుటూరు దాటి కొంచెము పోవునప్పటికే ఆనాటి వంతు చెల్లిపోవును. తలుపులలో షీటు అంటించిన కారులో రోడ్డు మ్రోత తగ్గును. మ్రోత తగ్గినచో వాల్యూము తగ్గించి విన వీలగును. మేము తలుపును మొదట పెట్టుటకు ఇదియు నొక కారణము.

పని పూర్తియైన పిమ్మట దుకాణము వారి పాటతో పరీక్ష ముగింపరాదు. ఇంజను నడుచుచుండగా, ఏసీ వేసి, దీపములు వెలిగించి, ఫోను ఛార్జరు గ్రుచ్చి, రేడియోలో వార్తలు పెట్టవలెను. బాస్, ట్రెబుల్ రెండును సున్నవద్ద నుంచి, పది నిమిషములు విని, అంకెలు తడబడక తెలియుచున్నవో లేదో చూడవలెను. పిదప హైవేమీద భీమడోలు వరకైనను పోయి అదే కేంద్రమును మరల వినవలెను. డబ్బు పూర్తిగా చెల్లించుట ఆ తరువాత.

విప్పిన పాత సెట్టును, స్పీకర్లను, కప్లరులను, తలుపు క్లిప్పులతో సహా ఇంటికి తెచ్చుకొని, గోనెసంచిలో కట్టి అటకమీద పెట్టవలెను. కారు అమ్మునపుడు క్రొత్త వస్తువులకు కొనువాడు ఒక్క రూపాయియు ఎక్కువ ఇయ్యడు. అపుడు పాతవానిని తిరిగి బిగింపించి, మీ స్పీకర్లను తరువాతి కారునకు తీసికొని పోవచ్చును. డ్యాంపింగు షీటు మాత్రము తలుపుతోనే పోవును.